యువీ టార్చి కింద మెరిసే పువ్వు తేనెటీగ చూసే పువ్వు కాదు

కొన్నాళ్లుగా మా కర్నూలు వాట్సాప్ గ్రూపుల్లో చీకట్లో నీలంగా, పచ్చగా మెరిసే పెరటి పూల ఫొటోలు తిరుగుతున్నాయి. వాటి కింద రాసినది ఇది: "తేనెటీగల కంటికి పూలు ఇలాగే కనిపిస్తాయి. యువీ టార్చి, సెల్‌ఫోను ఉంటే మీరూ తీయవచ్చు. ప్రతి పువ్వులోనూ ఇలాంటి రహస్య చిత్రం ఉంటుంది." ఫొటోలు అందంగానే ఉన్నాయి గాని, ఆ మూడు మాటల్లో ఒక్కటీ నిలిచేది కాదు.

ఆ మెరుపును ప్రతిదీప్తి అంటారు. టార్చి నుంచి వచ్చే, మన కంటికి కనిపించని అతినీలలోహిత (యువీ) కాంతిని పువ్వులోని కొన్ని పదార్థాలు పీల్చుకొని, మన కంటికి కనిపించే కాంతిగా మార్చి వదులుతాయి. కెమెరాకు చిక్కింది ఆ కనిపించే కాంతే. తేనెటీగ గమనించేది వేరు. ఎండలోని అతినీలలోహిత కాంతిని రేకు ఎక్కడ తిప్పి పంపుతోంది, ఎక్కడ పీల్చేస్తోంది అన్న తేడా దానికి తెలుస్తుంది. పగటి వెలుగులో ప్రతిదీప్తి ఆనవాలుకైనా మిగలదు. 365 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల యువీ టార్చితో ఒక రాత్రి మా మిద్దె మీద పొద్దుతిరుగుడు పువ్వును చూశాను. పుప్పొడి కాస్త మెరిసింది, రేకులు నల్లబడ్డాయి, దండెం మీది తెల్ల బనియను మాత్రం నీలంగా భగ్గుమంది. బట్టలకు తెలుపునిచ్చేందుకు సబ్బుపొడిలో కలిపే రసాయనం చేసిన పని అది. మెరుపే లెక్కయితే తేనెటీగలన్నీ ఆ బనియను మీదే వాలాలి. అదే పువ్వును ఎండలో సరైన పద్ధతిలో తీస్తే, మనకు ఒకే పసుపుగా తోచే రేకుల కొసలు తెల్లగా, మొదళ్లు నల్లగా వచ్చి, నడిమి బొడ్డు చుట్టూ పెద్ద నల్లని వలయం ఏర్పడుతుంది.

ఆ సరైన పద్ధతి సెల్‌ఫోనుకు సాధ్యం కాదు. సెన్సారు ముందున్న ఫిల్టరు అతినీలలోహితాన్ని ఆపేస్తుంది కనుక, దాన్ని తీసేసిన కెమెరాకు అతినీలలోహితాన్ని మాత్రమే రానిచ్చే మరో ఫిల్టరు బిగించాలి. ఆ రెండో ఫిల్టరు పరారుణాన్ని (ఎరుపుకు అవతల ఉండే, కంటికి కనిపించని కాంతిని) కూడా వదిలితే వచ్చేది పరారుణ ఫొటోనే. ఎక్స్‌పోజరు, అంటే కెమెరా కాంతిని తీసుకొనే సమయం, ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి, గాలికి ఊగకుండా పువ్వు కాడను పుల్లకు కట్టవలసి వస్తుంది. ఇక చౌక టార్చీలు 395 నానోమీటర్ల దగ్గర వెలుగుతూ కంటికి కనిపించే ఊదా కాంతిని కూడా చిమ్ముతాయి. ఫార్వర్డు ఫొటోల్లోని ఊదా రంగులో చాలా భాగం పువ్వుది కాదు, టార్చిది. అసలు అతినీలలోహితానికి మన కంటిలో రంగే లేదు. సరైన పద్ధతిలో తీసిన అతినీలలోహిత ఫొటోల్లో రంగులుంటే, అవి తీసినవారు ఎంచుకొని వేసినవే.

ప్రతి పువ్వులోనూ చిత్రం ఉంటుందన్నదీ నిజం కాదు. తెల్లపూలు చాలావరకు అతినీలలోహితాన్ని పీల్చేస్తాయి కనుక, వలయమూ గీతలూ లేకుండా అంతా నల్లగా వస్తాయి. అలాంటి ఫొటోలను ఎవరూ పంచుకోరు కాబట్టే ఆ నమ్మకం నిలిచి ఉంది.