పసుపు రంగు స్టిక్కీ నోట్ గారికి

మహారాజశ్రీ స్టిక్కీ నోట్ గారి దివ్య సముఖమునకు,

మొన్న కాకినాడ హోటల్లో జరిగిన తీరప్రాంత రెసిలియెన్స్ (అంటే దెబ్బ తిన్నా నిలదొక్కుకోవడం) సదస్సులో మనం కలిశాం. "పోయిన వాయుగుండం ముందు ఉప్పాడ రోడ్డుకి పోసిన రాళ్లు ఇప్పుడెక్కడున్నాయో ఎవరైనా వెళ్లి చూశారా?" అని తమరి మీద మార్కర్‌తో రాసింది నేనే. ఉప్పాడంటే కాకినాడ పక్కన సముద్రం కోసేస్తున్న ఊరు.

నిర్వాహకురాలు చదివి, "చాలా మంచి పాయింటండీ" అంటూ తమరిని తలుపు పక్క చార్టుకి అంటించారు. దాని పేరు పార్కింగ్ లాట్. అప్పటికప్పుడు తేలని ప్రశ్నల్ని అక్కడ ఆపుతారట, టీ తర్వాత తీస్తారట. టీ తర్వాత గ్రూప్ ఫొటో తీశారు.

పొద్దున్న చాలా నేర్చుకున్నాం లెండి. 1973లోనే హోలింగ్ అనే కెనడా శాస్త్రవేత్త దెబ్బ తిన్నా నిలదొక్కుకునే ప్రకృతి గురించి రాశాడట. తెర మీద అడ్డంగా పడుకున్న ఎనిమిది అంకె వేసి పెరగడం, కూలడం, మళ్లీ లేవడం అని చెప్పారు. ఉప్పాడ ఏ వంపులో ఉందో అడిగేలోపు స్లయిడ్ మారిపోయింది. జనసాంద్రత ఎక్కువున్న పల్లెల్లో పోటు గీత నుంచి నిర్మాణాలు నిషేధించిన 200 మీటర్లని కేంద్రం 2019లో ఇచ్చిన తీర నియంత్రణ నోటిఫికేషన్ 50కి తగ్గించిన ముచ్చట ఏ స్లయిడ్‌లోనూ లేదు. ఆ కాగితం సముద్రానికి అందినట్టు లేదు.

నా పక్కన కూర్చున్న పెద్దాయన వాటర్ బాటిల్ చెమ్మలో వేలు ముంచి టేబుల్ మీద గీత గీశాడు. "ఇసుక ఇలా ఉత్తరానికి నడుస్తది బాబూ. ఇక్కడ గోడ కడితే, గోడ అయిపోయిన చోట ఊరు కోసుకుపోద్ది." గోదావరి ఒండ్రు ఎగువ డ్యాముల్లో ఆగిపోతోందన్న సంగతీ ఆయనే చెప్పాడు. ఆయన చేతికి ఎవరూ మార్కర్ ఇవ్వలేదు. హోటల్ కుర్రాడొచ్చి టేబుల్ తుడిచేశాడు.

అడాప్టివ్ మేనేజ్‌మెంట్ అంటే చేసి చూడటం, కొలవడం, పని చేయకపోతే పద్ధతి మార్చడం. ఇది నా మాట కాదు, వాళ్ల స్లయిడే. నేను తమరి మీద రాసిందీ అదేగా! ఇసుక నింపిన పెద్ద సంచుల్లాంటి జియోట్యూబులతో గోడ కట్టారు, కెరటాలు చీల్చేశాయి. రాళ్లు పోశారు, జారిపోయాయి. మళ్లీ పోశారు. ఏ రాయి ఎన్నాళ్లు నిలిచింది, పక్క ఊళ్లో తీరం ఎంత వెనక్కి జరిగింది, ఆ లెక్క రాసే పుస్తకం ఒకటుందా? ఉంటే చూపించండి. లేకపోతే నేర్చుకుంటున్నామని చెప్పకండి. బిల్లు రాయడానికి ఉన్న తీరిక కొలత రాయడానికి ఎందుకుండదు? ఇళ్లు పోతున్నాయి, అక్కడ పార్కింగ్ ఏంటండీ?

సాయంత్రం చూస్తే తమరు ఏసీ గాలికి ఊడి కార్పెట్ మీద బోర్లా పడున్నారు. తమరిని అనుకుని ఏం లాభం, జిగురు తక్కువ.

వచ్చే సదస్సుకీ పిలవమనండి, వస్తాను. హోటల్‌కి కాదు. ఉప్పాడ రోడ్డు మీదకి, వాయుగుండం దాటిన మర్నాడు, పోటు వేళకి. తమరు మాత్రం రావద్దు, ఆ గాలికి ఎలాగూ అంటుకోరు.

ఇట్లు,
తమరి మీద రాసినవాడు