ఏ మైనస్ బాధిత కుటుంబాలను ఆదుకోవాలి

తుఫానొస్తే ఎమర్జెన్సీ ప్రకటిస్తారు, అడవి అంటుకుంటే హెలికాప్టర్లు పంపిస్తారు, మరి అమెరికాలో ఒక తెలుగింట్లో జూనియర్ ఇయర్ (పదకొండో క్లాసు) పిల్లాడికి ఏపీ కెమిస్ట్రీలో (ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, స్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి కోర్సు) 'ఏ' గ్రేడు కాస్తా 'ఏ మైనస్' అయితే ఎవరొస్తారండీ? ఎవరూ రారు. మహా అయితే స్కూల్ కౌన్సిలర్ "ఏం పర్లేదు, ట్రాన్‌స్క్రిప్ట్ చాలా బావుంది" అని ఒక మెయిల్ పడేస్తుంది. కొంపలు మునిగిపోతుంటే మెయిల్ ఏంటండీ.

నాకు తెలిసిన ఒకింట్లో ఇది జరిగింది. రాత్రి పదకొండు దాటాక పోర్టల్ నుంచి టింగుమని నోటిఫికేషన్, చూస్తే 92.6. వాళ్ళ స్కూల్లో 93 ఉంటేనే ఏ, దానికి 4.0, అంతకన్నా ఒక్క పిసరు తగ్గినా ఏ మైనస్, 3.7. ల్యాబ్ రిపోర్టులో యూనిట్లు రాయలేదని రెండు పాయింట్లు కోశారట, అక్కడ పోయింది. వాళ్ళ నాన్న లాప్‌టాప్ తీసి ఎక్సెల్ ఓపెన్ చేసి అప్పటిదాకా ఉన్న గ్రేడ్లన్నీ కొట్టుకుంటూ పోతే మొత్తం జీపీఏ, అంటే గ్రేడ్లన్నిటి సగటు, 3.98 నుంచి 3.97కి పడింది. "ఫైనల్లో 98 తెచ్చుకుంటేనో?" "ఫైనల్ అయిపోయింది నాన్నా." ఈలోగా ఇండియా నుంచి తాతయ్య వీడియో కాల్. ఏమైందిరా అందరూ అలా ఉన్నారు అంటే వాడికి ఏ మైనస్ వచ్చింది నాన్నా అన్నాడు ఈయన. "అంటే తప్పాడా?" "లేదు, 92." "నూటికేనా?" "ఆ, నూటికే." తాతయ్య కాసేపు అలాగే చూసి, నెట్‌వర్క్ సరిగ్గా లేదని పెట్టేశారు.

ఇప్పుడు ఈ కుటుంబం దృష్టిలో హార్వర్డ్ అడ్మిషన్ కమిటీ ఎలా ఉంటుందంటే, పెద్ద బల్ల చుట్టూ పదిమంది కూర్చుని మనవాడి ఫైలే ముందేసుకుని, అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఆ 92.6 సంగతేంటి అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటుంటారు. కానీ అడ్మిషన్లలో జాతి చూస్తున్నారని హార్వర్డ్ మీద నడిచిన కేసులో, అదే 2023లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన కేసు, బయటపడ్డ లెక్క వేరేగా ఉంది. 2019లో బయటికొచ్చే బ్యాచ్ కోసం అప్లై చేసిన అమెరికా పిల్లల్లో అసలు మచ్చే లేని జీపీఏ ఉన్నవాళ్ళే 8,000 పైన ఉన్నారు. సీటిచ్చింది బయటి దేశాల వాళ్ళని కూడా కలుపుకుని 2,000 మందికి అటూఇటూ. అంటే మనవాడు ఆ రెండు పాయింట్లు తెచ్చుకుని ఉన్నా చక్కగా రిజెక్ట్ అయ్యే అవకాశమే ఎక్కువ. అందుకే ఆ ఏ మైనస్‌ని తిట్టొద్దంటాను నేను. ఎందుకు రాలేదో తెలీకుండా కుమిలిపోయే బదులు "కెమిస్ట్రీ వల్ల పోయిందండీ, లేకపోతే వచ్చేసేదే" అని ఫంక్షన్లలో జీవితాంతం చెప్పుకోడానికి ఒక కారణం దొరికింది, అంతకన్నా ఏం కావాలి.

ఇక కాలిఫోర్నియా యూసీల (అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల) సంగతి తల్చుకుంటే రక్తం మరుగుతుంది. వాళ్ళు జీపీఏ లెక్కేసేటప్పుడు ప్లస్సులూ మైనస్సులూ చూడరట, ఏ మైనస్ అయినా 'ఏ' గానే లెక్క, పైగా తొమ్మిదో క్లాసు గ్రేడ్లు ఆ లెక్కలోకే రావట. ఒక ఇల్లంతా మూడు రాత్రులు నిద్ర మానుకుని పడ్డ బాధకి కనీస గుర్తింపు లేదన్నమాట. సీటిచ్చాక వాళ్ళు అడిగేది కూడా సీనియర్ ఇయర్లో (పన్నెండో క్లాసులో) డీలూ ఎఫ్‌లూ రాకూడదు, 3.0 తగ్గకూడదు అని. 3.0 అంట! మనిళ్ళలో ఆ నంబరు పిల్లల ముందు అనం కూడా.

చాలా కాలేజీలకి ఒకటే అప్లికేషన్ పెట్టుకునే కామన్ యాప్ వాళ్ళదీ అన్యాయమే. అదనపు సమాచారం రాసుకునే చోట ఇదివరకు 650 పదాలిచ్చేవాళ్ళు, 2025 నుంచి 300కి కోసేశారు. ఆ వారం పిల్లాడికి జలుబు, టీచర్‌ది కొత్త రూబ్రిక్ (మార్కులేసే పద్ధతి), ల్యాబ్ పార్ట్‌నర్ సరైనవాడు కాదు, ఇవన్నీ 300 పదాల్లో ఎలా పడతాయండీ, వాడు యూనిట్లు మర్చిపోయిన సంగతి రాయకుండా వదిలేసినా సరే పట్టవు.

అసలు పడిపోయిన గ్రేడు ఎవరిదో ఎవరూ మాట్లాడట్లేదు. ఆ హార్వర్డ్ కేసు కాయితాల్లోనే ఇంకో లెక్కుంది, తల్లో తండ్రో హార్వర్డ్‌లో చదివిన పిల్లల్లో దాదాపు మూడో వంతు మందికి సీటొచ్చింది, మిగతావాళ్ళలో ఆరు శాతానికి అటూఇటూ. కాబట్టి తప్పెవరిది? పిల్లాడు రెండు పాయింట్లు పోగొట్టాడు, వీళ్ళ నాన్న వేరే కాలేజీలో ఇంజనీరింగ్ చేసి మొత్తం పోగొట్టాడు. ఎక్సెల్‌లో ఆ కాలమ్ మాత్రం ఆయన పెట్టలేదు.

కష్టపడి లోపలికెళ్ళిన వాళ్ళ పరిస్థితి చూస్తే ఇంకా విచిత్రం. 2025లో హార్వర్డ్ తనే వేసుకున్న రిపోర్టు ప్రకారం అక్కడ ఇచ్చే గ్రేడ్లలో అరవై శాతం పైగా 'ఏ'లే. ఏ మైనస్ లేకుండా బతకాలంటే అన్నిటికన్నా సేఫ్ అయిన చోటు అదే అన్నమాట, గేటు దాటడమే ఇబ్బంది.

ఆ ఇంట్లో మాత్రం ఇప్పుడు కెమిస్ట్రీ ఊసు ఎవరూ ఎత్తట్లేదు. చిన్నది ఆరో క్లాసు, నిన్న స్పెల్లింగ్ టెస్టులో 20కి 19 తెచ్చుకుంది. శనివారం పొద్దున పదింటికి మీటింగ్ పెట్టారు, ప్రొజెక్టర్ కూడా తెప్పిస్తున్నారట.