పదహారో తేదీ రాత్రి పన్నెండున్నరకి మీ జాబ్ ఏం చేస్తా ఉంటుంది?

తిరుపతి, చిత్తూరులో కూర్చుని పాల డిపోలకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చే డెవలపర్లకి ఒక మాట గట్టిగా చెప్పాలి. సర్వర్‌లెస్‌లో, అంటే సొంత కంప్యూటర్ లేకుండా క్లౌడ్‌లో కోడ్ నడిపే పద్ధతిలో, బిల్లు వేసి డబ్బు పంపే జాబ్‌కి షెడ్యూల్ పెట్టి, టెస్ట్ బటన్ ఒకసారి నొక్కి, పచ్చ గుర్తు రాగానే ‘అయిపోయింది సార్’ అనేయకండి. అక్కడికి సగం పని కూడా కాలేదు. ఆ జాబ్ రెండుసార్లు నడిచినా రైతు పద్దు చెడకూడదు, ఒక్కసారి నడవకపోయినా మీ ఫోన్ మోగాలి. ఈ రెండూ లేకపోతే గుమాస్తా చేత్తో వేసే లెక్కే మేలు.

సర్వర్‌లెస్ వద్దని కాదు నేను చెప్పేది. డిపో కౌంటర్ కింద దుమ్ము పట్టిన కంప్యూటర్‌లో విండోస్ టాస్క్ షెడ్యూలర్ పెట్టి దాని మీద పదిహేను రోజుల పాల బిల్లు నడపడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. కరెంటు పోయి యూపీఎస్ చేతులెత్తేస్తే ఆ రాత్రి బిల్లు లేనట్టే. ఖర్చు భయమూ అక్కర్లేదు. 512 ఎంబీ మెమరీతో రోజుకి రెండు నిమిషాలు నడిచే జాబ్‌కి నెలకి అయ్యేది 1,800 జీబీ-సెకన్లు (మెమరీని నడిచిన సమయంతో గుణించిన లెక్క). అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో ఇట్లా కోడ్ నడిపే సర్వీసు లాంబ్డా, అది నెలనెలా ఉచితంగా ఇచ్చేది 4,00,000.

మొదట దెబ్బ తగిలేది టైం దగ్గర. లాంబ్డాని వేళకి లేపే పాత ఈవెంట్‌బ్రిడ్జ్ రూల్స్‌కి యూటీసీ (మన టైం కంటే అయిదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ టైం) ఒక్కటే తెలుసు. 2022 నవంబరులో వచ్చిన ఈవెంట్‌బ్రిడ్జ్ షెడ్యూలర్‌లో ఆసియా/కోల్‌కతా అని టైం జోన్ ఎంచుకోవచ్చు, కొత్తగా పెట్టేవాళ్లు అదే వాడండి. ఒకటో తేదీ, పదహారో తేదీ రాత్రి 12:30కి నడవాలంటే క్రాన్ (ఎప్పుడు నడవాలో చెప్పే వరస) ఇట్లా ఉంటుంది: 30 0 1,16 * ? *. లినక్స్‌లో అయిదు గడులు, ఇక్కడ ఆరు: నిమిషం, గంట, తేదీ, నెల, వారం, సంవత్సరం. తేదీ, వారం గడుల్లో ఒకదానిలో ప్రశ్న గుర్తు ఉండి తీరాలి.

చాలామంది ఇక్కడితో టైం సంగతి తేలిపోయిందనుకుంటారు. తేలలేదు. షెడ్యూలర్‌కి మన టైం తెలిసినా, లాంబ్డా లోపలి గడియారం యూటీసీలోనే తిరుగుతుంది. ఇక్కడ పదహారో తేదీ రాత్రి 12:30 అయినప్పుడు అక్కడ పదిహేను సాయంత్రం 7 గంటలు. మీ కోడ్ ‘ఈరోజు తేదీ ఎంత’ అని అడిగితే 15 అని వస్తుంది. అందులోంచి ఒకటి తీసేసి ‘నిన్నటి దాకా బిల్లు’ అని రాసుంటే 14తో ఆగిపోతుంది. పదిహేనో తేదీ రెండు పూటల పాలు, ఫ్యాటు, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థం) అన్నీ గల్లంతు. ఎర్రర్ రాదు, లాగ్‌లో అంతా సక్రమంగానే కనిపిస్తుంది. రైతు తన కార్డు తీసి చూపించేదాకా ఎవరికీ తెలియదు. అందుకే కోడ్‌లో గడియారాన్ని అడగొద్దు. షెడ్యూలర్ ఇన్‌పుట్‌లో ‘షెడ్యూల్డ్ టైం’ అనే విలువను పంపించే వీలుంది, దాన్ని తీసుకోండి. అదీ యూటీసీలోనే వస్తుంది కాబట్టి ముందు మన టైంకి మార్చి, తర్వాతే తేదీ లెక్కేయండి. జాబ్ ఆలస్యంగా నడిచినా, మూడోసారి నడిచినా బిల్లు కాలం మారదు.

మూడోసారి అని ఊరికే అనలేదు. షెడ్యూలర్ హామీ ఇచ్చేది ‘కనీసం ఒకసారి’ అని మాత్రమే. లాంబ్డాకి చేరవేయలేకపోతే తనంతట తాను 24 గంటల పాటు, 185 సార్ల దాకా మళ్లీ ప్రయత్నిస్తుంది. చేరిన తర్వాత మీ కోడ్ పడిపోతే అది షెడ్యూలర్‌కి సంబంధం లేని విషయం. అప్పుడు లాంబ్డానే ఇంకో రెండుసార్లు నడుపుతుంది, ఒక నిమిషం ఆగి ఒకసారి, రెండు నిమిషాలు ఆగి ఇంకోసారి. ఈ తేడా తెలియక షెడ్యూలర్‌కి ఒక డెడ్ లెటర్ క్యూ (చేరని మెసేజ్‌లు పడే పెట్టె) తగిలించి నిశ్చింతగా ఉంటారు. కోడ్ పడిపోయినప్పుడు అందులో ఒక్క మెసేజ్ కూడా పడదు. లాంబ్డాకి ఫెయిల్యూర్ డెస్టినేషన్ (పడిపోయిన పని కబురు వెళ్లే చోటు) వేరేగా పెట్టాలి. క్యూలోకి రాసే అనుమతి షెడ్యూలర్ రోల్‌కి ఉందో లేదో కూడా చూసుకోండి. లేకపోతే ఆ క్యూ ఉన్నా లేనట్టే.

ఇప్పుడు అసలు భయం, డబ్బు రెండుసార్లు పడటం. రైతుకి డబ్బు పంపే ముందు డిపో కోడ్, రైతు నంబరు, బిల్లు మొదటి తేదీ కలిపి ఒక కీ చేయండి. ఏడబ్ల్యూఎస్ డేటాబేస్ డైనమోడీబీలో ‘ఈ కీ లేకపోతేనే రాయి’ అనే షరతుతో రాయండి. ఆ కీ అప్పటికే ఉంటే పంపొద్దు, ముందు దాని స్థితి చూడండి. బ్యాంకుకి పంపే రిఫరెన్స్ నంబరు కూడా ఆ కీ నుంచే పుట్టాలి, ప్రతిసారీ కొత్తగా పుట్టించకూడదు. ఎందుకంటే డబ్బు వెళ్లిపోయి, ‘పంపేశాం’ అని రాసుకునేలోపు ఫంక్షన్ చచ్చిపోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. రెండోసారి నడిచినప్పుడు పాత నంబరుతో ‘ఇది అయిందా’ అని బ్యాంకునే అడిగి, ఆ తర్వాతే ముందుకు పోవాలి. ఎస్సెమ్మెస్ పంపడం మాత్రం ఇదే ఫంక్షన్‌లో పెట్టకండి. ఎస్సెమ్మెస్ గేట్‌వే మొరాయించిందని చెల్లింపుల జాబ్ మొత్తం మళ్లీ మొదలవడం ఏం న్యాయం?

లాంబ్డా ఫంక్షన్ టైమ్‌అవుట్, అంటే నడవడానికి ఇచ్చే గడువు, డిఫాల్ట్‌గా 3 సెకన్లే, మార్చుకోండి. మార్చినా 15 నిమిషాలు దాటదు. 1,200 మంది రైతులకి ఒక్కొక్కరికీ ఒక సెకను చొప్పున వేసుకున్నా 20 నిమిషాలు. కాబట్టి షెడ్యూల్ అయిన ఫంక్షన్ రైతుకొక మెసేజ్ చొప్పున ఎస్‌క్యూఎస్ అనే మెసేజ్ క్యూలో వేసి తప్పుకోవాలి, ఇంకో ఫంక్షన్ పదేసి తీసుకుని చేయాలి. ఆ క్యూ విజిబిలిటీ టైమ్‌అవుట్ (ఒకరు తీసుకున్న మెసేజ్ ఇంకొకరికి కనపడకుండా ఉండే సమయం) ఫంక్షన్ టైమ్‌అవుట్‌కి ఆరు రెట్లు ఉండాలి. తక్కువైతే ఒకరి చేతిలో ఉన్న మెసేజ్‌నే ఇంకొకరు ఎత్తుకుంటారు.

డేటాబేస్ కోసం ఫంక్షన్‌ని వీపీసీలో (క్లౌడ్ లోపలి ప్రైవేటు నెట్‌వర్క్‌లో) పెడితే దానికి ఇంటర్నెట్ పోతుంది. దానికోసం తగిలించే నాట్ గేట్‌వే నెలకి 30 డాలర్ల పైనే లాగుతుంది. లాగ్స్‌కి గడువు పెట్టకపోతే ఎప్పటికీ పోగవుతూనే ఉంటాయి.

ఇక జాబ్ నడవకపోతే మీ ఫోన్ మోగించే అలారం. దాన్ని అదే క్లౌడ్ అకౌంట్‌లో కట్టకండి. 2021 అక్టోబరు నుంచి ఆర్‌బీఐ ఆటో డెబిట్ నిబంధనలు మారాక మన కార్డుల మీద నెలవారీ బిల్లు తిరిగొచ్చే అవకాశం ఎక్కువైంది. అట్లా కట్టక అకౌంట్ ఆగిపోతే, జాబ్‌తో పాటు అలారం కూడా నిద్రపోతుంది. హెల్త్‌చెక్స్ డాట్ ఐఓ లాంటి బయటి సర్వీసులో ఇదే వేళని లినక్స్ పద్ధతిలో అయిదు గడుల క్రాన్‌గా (30 0 1,16 * *), ఇదే టైం జోన్‌తో ఇచ్చి, అరగంట గ్రేస్ (ఆలస్యానికి ఓపిక) పెట్టండి. చివరి రైతు చెల్లింపు పూర్తయ్యాకే జాబ్ దానికి పింగ్ కొట్టాలి, అంటే ‘అయిపోయింది’ అని చిన్న కబురు పంపాలి. పింగ్ రాకపోతే అది మీకు కబురు పెడుతుంది.

డిపో వాళ్లకి అప్పగించే ముందు మూడు పనులు చేసి చూడండి. ఒకే షెడ్యూల్డ్ టైంతో జాబ్‌ని వరసగా రెండుసార్లు నడపండి, రెండోసారి ఒక్క రూపాయి కూడా కదలకూడదు. షెడ్యూల్ అయిన ఫంక్షన్ కోడ్‌లో కావాలనే ఒక ఎర్రర్ పెట్టండి, మూడు నిమిషాల చిల్లరలో అది ఫెయిల్యూర్ డెస్టినేషన్‌లో కనపడాలి. ఆఖరుకి జాబ్ నడవాల్సిన రాత్రి షెడ్యూల్‌ని ఆపేసి పడుకోండి. ఒంటిగంట దాటాక మీ ఫోన్ మోగకపోతే, పొద్దున ఆ డిపోకి ఇంకా ఏమీ అప్పగించొద్దు.