సవరణ: బ్రిటన్‌లో పిప్ కోత చట్టం కాలేదు

బ్రిటన్‌లో వికలాంగులకిచ్చే పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్ (పిప్) గురించి మొన్నటి పోస్టులో "4 పాయింట్ల నిబంధన పార్లమెంటులో పాసైంది" అని ఉంది. పాసైంది భృతుల కోత బిల్లు, రోజువారీ పనుల్లో ఏదో ఒక్కదానిలోనైనా 4 పాయింట్లు ఉంటేనే పిప్ అన్న ఆ నిబంధన కాదు.

2024 జులై ఎన్నికల్లో 400కు పైగా సీట్లు గెలిచిన లేబర్ పార్టీకి ఏ బిల్లయినా నల్లేరు మీద నడకే అనుకుంటాం. తీరా 2025 జులై 1న సొంత ఎంపీలే అడ్డం తిరిగారు. చర్చ నడుస్తుండగానే మంత్రి స్టీఫెన్ టిమ్స్ లేచి, ఈ 4 పాయింట్ల నిబంధన ఉన్న 5వ క్లాజును తీసేస్తున్నామని చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాతే బిల్లు 335-260 ఓట్లతో గట్టెక్కింది. అప్పటికీ 49 మంది లేబర్ ఎంపీలు వ్యతిరేకంగానే వేశారు.

ఆ క్లాజు ఉండుంటే? రోజువారీ పనుల్లో ఎంత సాయం కావాలో చూసి పిప్‌కి పాయింట్లు వేస్తారు, మొత్తం 8 రావాలి. వంటకు ప్రత్యేక సాధనం కావాలంటే 2 పాయింట్లు. తలస్నానానికి మనిషి సాయం కావాలంటే 2. ఇలా నాలుగు పనుల్లో రెండేసి వచ్చినా మొత్తం 8 కాబట్టి ఇప్పుడు భృతి వస్తుంది. ఏదో ఒక్క పనిలోనైనా 4 ఉండాలంటే వీళ్లంతా అవుట్.

తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకిచ్చే యూనివర్సల్ క్రెడిట్ భృతిలో ఆరోగ్య భాగం (అనారోగ్యంతో పని చేయలేనివాళ్లకు అదనంగా ఇచ్చేది) కోత మాత్రం నిజమే. 2026 ఏప్రిల్ నుంచి కొత్తగా చేరేవాళ్లలో చాలామందికి అది దాదాపు సగానికి పడిపోతుంది. తీవ్రమైన, నయంకాని జబ్బులున్న కొందరికి మినహాయింపు ఉంది. వర్క్, స్టూడెంట్ వీసాల మీద ఉన్న మనవాళ్లకు మామూలుగా పిప్, యూనివర్సల్ క్రెడిట్ రెండూ వర్తించవు, ప్రభుత్వ భృతులు తీసుకోకూడదన్న షరతు వాళ్ల వీసాలోనే ఉంటుంది.