మూత తెరిచే ముందే పేరు రాయాలి

ఉదయం ఏడు గంటలకు అడ్డా మీద నిలబడిన కూలీకి ఆ రోజు ఏ పని దొరుకుతుందో తెలియదు. ఇటుకలు మోయాలా, ఇసుక జల్లించాలా, పాత గోడ పగలగొట్టాలా అన్నది బండి ఆపిన మనిషి చెబితేనే తెలుస్తుంది. అపార్ట్‌మెంటులో సెప్టిక్ ట్యాంకు నిండింది, రెండు గంటల పని, మామూలు కూలి మీద కొంత ఎక్కువే ఇస్తామని అతను అంటే, బేరం కుదరక ఎండెక్కేదాకా నిలబడ్డ ఇద్దరు ఎక్కి కూర్చుంటారు. వారి దగ్గర తాడు, గునపం, బకెట్టు తప్ప ఏమీ ఉండవు. మూత తీశాక ఎంతసేపు ఆగాలో చెప్పేవారు ఉండరు. లోపల ఏ వాయువు ఎంత ఉందో చూపే పరికరం ఒకటుంటుందని కూడా వారికి తెలియదు. ఈ హైదరాబాద్ నగరంలో మురుగు గుంతల్లో పోయిన ప్రాణాల వెనుక ఇలాంటి ఉదయాలు ఎన్నో ఉన్నాయి.

2021 ఆగస్టులో సాహెబ్‌నగర్‌లో రాత్రివేళ మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు తిరిగి పైకి రాలేదు. వారిలో ఒకరి కోసం రోజుల తరబడి పైపులైనులో గాలించవలసి వచ్చింది. అదే ఏడాది నవంబరులో కొండాపూర్‌లో ఒక నివాస సముదాయం సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేస్తూ మరో ఇద్దరు ఊపిరాడక చనిపోయారు. 2019 నుంచి 2023 వరకు దేశంలో మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 377 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. అది ప్రభుత్వ రికార్డుకు ఎక్కిన లెక్క. అడ్డా కూలీని సొంత ఊరికి తీసుకుపోయి దహనం చేసి, కుటుంబంతో ఏదో ఒక మొత్తానికి మాట్లాడుకుని సర్దేసిన మరణం ఆ లెక్కలోకి రాదు.

ఇద్దరేసి చనిపోవడానికి కారణం ఉంది. మురుగు కుళ్లినప్పుడు పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువైనది గనుక అడుగునే పేరుకుంటుంది. మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. గాలిలో పది లక్షల భాగాలకు నూరు భాగాలు దాటేసరికి ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియకుండా పోతుంది. వాసన తగ్గింది, ఇక ఫరవాలేదు అని మనిషి అనుకునే క్షణమే అతనికి అన్నిటికంటే ప్రమాదకరమైనది. గాఢత మరీ ఎక్కువైతే ఒకటి రెండు శ్వాసల్లోనే స్పృహ పోతుంది. పైన తాడు పట్టుకున్నవాడు తోటివాడు పడిపోవడం చూసి ఆగలేడు, తానూ దిగుతాడు. చాలాసార్లు ఆ రెండో మనిషి అన్నో, తమ్ముడో, బావమరిదో అయి ఉంటాడు. అతన్ని ఆపగలిగే శిక్షణ గానీ, కిందికి దింపగలిగే శ్వాస పరికరం గానీ అక్కడ ఉండవు.

చట్టంలో లోటు లేదు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 1993 నాటి చట్టం ప్రధానంగా పొడి మరుగుదొడ్ల వరకే ఆగితే, 2013 చట్టం మురుగు కాల్వలనూ సెప్టిక్ ట్యాంకులనూ కూడా తన పరిధిలోకి తెచ్చింది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని లోపలికి దింపితే తొలి నేరానికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. మళ్లీ చేస్తే అయిదేళ్లు, అయిదు లక్షలు. మృతుల కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని ముప్పయి లక్షలకు పెంచింది. 2025 జనవరిలో హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మనుషులతో మురుగు శుభ్రం చేయించడాన్ని ఆపాలని ఆదేశించి, ఎప్పుడు ఎలా ఆపారో ప్రమాణపత్రం ఇవ్వమని అధికారులను అడిగింది. ఈ పోరాటాన్ని దశాబ్దాలుగా నడుపుతున్న సఫాయి కర్మచారి ఆందోళన్ నాయకుడు, 2016లో మెగసెసే పురస్కారం అందుకున్న బెజవాడ విల్సన్ మన తెలుగువాడే. కోలారు బంగారు గనుల దగ్గర ఇదే వృత్తిలో ఉన్న కుటుంబంలో పుట్టిన ఆయన మాటను తెలుగు నేల మీది నగరమే సరిగా వినలేదంటే మనం బాధపడాలి.

యంత్రాలు లేవని కూడా అనడానికి లేదు. నీటి ధారతో పూడిక తీస్తూ ఇరుకు గల్లీల్లోకి పోగలిగే మినీ జెట్టింగ్ యంత్రాలను 2017లో నగర తాగునీటి, మురుగునీటి సంస్థ జలమండలి ప్రవేశపెట్టింది. వాటిని దళిత పారిశ్రామికవేత్తలకు అప్పగించి నడిపించిన పద్ధతిని ఇతర నగరాలు వచ్చి చూసి వెళ్లాయి. పెద్ద లైన్లకు ఎయిర్‌టెక్ యంత్రాలున్నాయి. జలమండలి బాగా చేసిన పనుల్లో ఇది ఒకటని ఈ పత్రిక నిస్సంకోచంగా చెబుతుంది. అయినా మనిషి ఎందుకు దిగుతున్నాడంటే, యంత్రం వచ్చేది జలమండలికి ఫోను చేసినప్పుడు. ఔటర్ రింగ్ రోడ్డు దాకా పాకిన నగరంలో ఎన్నో కాలనీలకు మురుగు లైనే లేదు, సెప్టిక్ ట్యాంకులే దిక్కు. అక్కడ అసోసియేషన్ వారు పిలిచేది వాచ్‌మన్‌కు తెలిసిన మేస్త్రీని. కొత్త లైను వేసేచోట, పాత లైనుకు కలిపేచోట పని పెద్ద గుత్తేదారు పేరు మీద ఉంటుంది, అతని నుంచి చిన్న కాంట్రాక్టరుకు, అక్కడి నుంచి మేస్త్రీకి, చివరికి పేరు ఏ కాగితం మీదా లేని కూలీకి చేరుతుంది. ప్రాణం పోయిన రోజున పై నుంచి కింది దాకా ప్రతివారూ తాము దిగమని చెప్పలేదనే అంటారు. ఆ మాటను కాదనడానికి రాతపూర్వకంగా ఏమీ ఉండదు.

పోలీసు కేసు కూడా తరచు నిర్లక్ష్యం వల్ల మరణం అన్న సెక్షన్ దగ్గరే ఆగిపోతుంది. 2013 చట్టం కింద నేరం నాన్‌బెయిలబుల్ అని తెలిసిన అధికారి, ఆ చట్టం పేరు ఎఫ్‌ఐఆర్‌లో రాయకపోతే ముప్పయి లక్షల పరిహారం కోసం ఆ కుటుంబం ఏళ్ల తరబడి తిరగవలసి వస్తుందని కూడా తెలుసుకోవాలి. మృతుడి భార్య ఆధార్ కార్డు, మరణ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి వెళ్లడం ఈ నగరానికి కొత్త దృశ్యం కాదు. కుల ధ్రువపత్రం అన్న మాట ఇక్కడ ఊరికే రాలేదు. ఈ పనిలోకి దిగేవారిలో అత్యధికులు దళితులు. ఆ పని ఎవరు చేయాలో కులం ముందే నిర్ణయించి పెట్టింది కాబట్టే, వారి చావును నగరం తన చావుగా తీసుకోవడం లేదు.

ఇళ్ల లోపలి నుంచి చూడవలసిన సంగతి ఒకటుంది. లైను పూడిపోవడానికి కారణం మన వంటగది, మన స్నానాలగది. హోటళ్లు వదిలే నూనె పైపుల్లో గడ్డకట్టి రాయిలా మారుతుంది. ప్లాస్టిక్ కవర్లు, డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, పాత దుప్పటి ముక్కలు దానికి చుట్టుకుంటాయి. వ్యాపార సంస్థలు చెత్త లైనులోకి పోకుండా ఆపే సిల్ట్ చాంబర్లు కట్టుకోవాలన్న నిబంధన ఉన్నా, కట్టినవారిలో ఎందరు వాటిని తీయిస్తున్నారో తనిఖీ చేసి చెప్పాలి. వాన పడగానే నీళ్లు పోవడానికి మ్యాన్‌హోల్ మూత తీసేసే అలవాటు మరీ ఘోరం. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో పాల కోసం వెళ్లిన చిన్నారి తెరిచి ఉన్న గుంతలో పడి చనిపోయిన సంగతి అంత త్వరగా మరిచిపోదగింది కాదు.

ఈ పత్రిక కోరుతున్నది కొత్త చట్టాన్ని కాదు. జలమండలి లైనైనా, ప్రైవేటు ట్యాంకైనా మూత తెరిచే ముందు పని ఎవరు చెప్పారు, ఎవరు పర్యవేక్షిస్తున్నారు, ఏ యంత్రం వచ్చింది అన్నవి పేర్లతో, వేళతో ఒక రిజిస్టరులో నమోదు కావాలి. రాయని పని అక్రమ పని అని తేల్చిచెప్పాలి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అధ్యక్షుడికీ, గుత్తేదారుకూ, సంతకం పెట్టిన ఇంజినీరుకూ ఒకే చట్టం వర్తించాలి. యంత్రం అద్దె కూలీ ధర కంటే ఎక్కువ పడుతున్నంతకాలం చిన్న ఇళ్లవారు మేస్త్రీ వైపే చూస్తారు గనుక, బస్తీలకూ శివారు కాలనీలకూ ఆ తేడాను ప్రభుత్వమే భరించాలి. ఇప్పటికే ఈ పని చేస్తున్నవారిని వెళ్లగొట్టకుండా, ఆ యంత్రాలను నడిపే ఉద్యోగాలు ముందుగా వారికీ, మృతుల పిల్లలకూ ఇవ్వాలి. వచ్చే వానాకాలం లోపే మరో చిన్న పని చేయవచ్చు: సెప్టిక్ ట్యాంకుల కోసం దేశమంతటికీ ఉన్న 14420 నంబరునూ, జలమండలి 155313 నంబరునూ నగరంలోని ప్రతి కూలీల అడ్డా దగ్గర, గోడ మీద పెద్ద అక్షరాలతో, తెలుగులోనూ ఉర్దూలోనూ హిందీలోనూ రాయించాలి. ట్యాంకులోకి దిగమని ఎవరైనా అడిగితే కాదనే హక్కు కూలీకి ఉందని ఆ నంబరు కిందే రాయాలి.