పీజీ వాల్ ఫోల్డరు జోలికి పోవద్దు

"పోస్ట్‌గ్రెస్ సర్వర్ మొరాయిస్తే అయిదు నిమిషాల్లో దారికి తెచ్చే ఆరు చిట్కాలు" అన్న సందేశం (పోస్ట్‌గ్రెస్ అంటే లెక్కలను దాచిపెట్టే డేటాబేస్ సాఫ్ట్‌వేర్) కర్నూలు, అనంతపురం, కడపల్లో సర్వర్లు చూసుకునే వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. వద్దని చెప్పించుకున్న మిత్రులే వారం తిరక్కుండా "ఇది చూశావా అన్నా" అంటూ మళ్లీ పంపుతున్నారు. ఇక విడివిడిగా చెప్పే ఓపిక లేదు కనుక ఆరింటికీ ఇక్కడే జవాబు రాస్తున్నాను.

రోజూ రాత్రి సర్వర్‌ను రీస్టార్ట్ చేయమన్న మొదటి చిట్కా వల్ల ఒరిగేదేమీ లేదు. మెమరీలో పోగైన పేజీలు పోయి, పొద్దున వచ్చే క్వెరీలన్నీ డిస్కు దగ్గర బారులు తీరతాయి. మ్యాక్స్ కనెక్షన్స్‌ను 100 నుంచి 1000కి పెంచమన్న రెండవదీ అలాంటిదే. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షనూ ఒక విడి ప్రాసెస్ కనుక, చిన్న యంత్రం మీద ఆ సంఖ్య పెంచే బదులు ముందు, కొన్ని కనెక్షన్లనే అందరికీ పంచే పీజీబౌన్సర్ పెట్టుకోవాలి.

నా కోపమంతా మూడవదాని మీదనే. "డిస్కు నిండితే పీజీ వాల్ ఫోల్డరులోని ఫైళ్లను చెరిపేయండి, అవి ఉత్త లాగులే" అని అందులో ఉంది. ఉత్త లాగులా, అంటే పారేయదగ్గ చిట్టాలా? ప్రతి మార్పునూ సర్వర్ ముందుగా రాసుకునే చోటు అది. ఆదోని మార్కెట్ యార్డులో ఒక కమీషన్ వ్యాపారి గుమాస్తా, రైతు తెచ్చిన పత్తి తూకమూ క్వింటా ధరా ఎక్కించి, "సేవ్ అయింది" అన్న మాట తెరపై చూసిన క్షణాన, ఆ లెక్క డిస్కులో ఖాయంగా ఉన్న చోటు ఆ ఫోల్డరు ఒక్కటే. టేబుల్ తాలూకు అసలు ఫైలులోకి అది చేరడం ఆ తర్వాతి మాట. మామూలు సెట్టింగుల్లో అయిదు నిమిషాలకొకసారి జరిగే, మెమరీలోని మార్పులను అసలు ఫైళ్లలోకి రాసే చెక్‌పాయింటు ముగిస్తే గానీ దానికి భరోసా లేదు. ఈలోగా కరెంటు పోతే, తిరిగి లేచిన సర్వర్ ఆ 16 ఎంబీ ఫైళ్లను చదివే తన లెక్కలు సరిచేసుకుంటుంది. అవి లేకపోతే సరైన చెక్‌పాయింట్ రికార్డు దొరకలేదని చెప్పి ఆగిపోతుంది. అప్పుడు మరొకరు, వాల్‌ను కొత్తగా మొదలుపెట్టే పీజీ రీసెట్‌వాల్ ఆదేశం నడపమంటారు. నడిపితే సర్వర్ లేస్తుంది గానీ, సగంలో ఉన్న లావాదేవీల వల్ల లోపలి డేటా పొంతన లేకుండా పోవచ్చు, అందుకే వెంటనే డంప్ (డేటా మొత్తానికి నకలు) తీసి కొత్త క్లస్టర్‌లో (కొత్తగా సృష్టించిన డేటాబేస్‌లో) ఎక్కించమని పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషనే చెబుతోంది. ఈ ఫోల్డరుకు మునుపు పీజీ ఎక్స్‌లాగ్ అని పేరు ఉండేది. లాగులనుకుని చెరిపేసేవాళ్ల బాధ పడలేక 2017లో వచ్చిన 10వ వెర్షన్‌లో ఆ పేరే మార్చేశారు. పేరు మార్చినా మనవాళ్లు మారకపోతే ఇంకేం చేయాలి, ఫోల్డరుకు కాపలా పెట్టాలా?

డిస్కు నిండి సర్వర్ ఆగినంత మాత్రాన కమిట్ అయిన (ఖాయంగా సేవ్ అయిన) డేటా ఎక్కడికీ పోదు; చోటు చూపిస్తే తిరిగి లేస్తుంది. డిస్కు పెంచండి, కుదరకపోతే సర్వర్ ఆగి ఉండగానే ఆ ఫోల్డరును మొత్తంగా వేరే డిస్కుకు తరలించి, పాత చోటు నుంచి కొత్త చోటికి దారి చూపే సిమ్‌లింక్ ఇవ్వండి. లేచాక పీజీ రెప్లికేషన్ స్లాట్స్ అనే జాబితాలో చూడండి. ఎప్పుడో పక్కన పెట్టేసిన స్టాండ్‌బై (నకలు సర్వర్) తాలూకు స్లాటు, యాక్టివ్ అనే కాలమ్‌లో "ఎఫ్" (ఫాల్స్, అంటే వాడుకలో లేదు) అన్న అక్షరంతో అక్కడే కూర్చుని ఉంటే, ఆ స్టాండ్‌బై వచ్చి తీసుకుంటుందని సర్వర్ ప్రతి ఫైలునూ దాచిపెడుతూ ఉంటుంది. ఆ స్లాటు అక్కర లేదని తేల్చుకుని డ్రాప్ చేస్తే, తర్వాతి చెక్‌పాయింటులో సర్వరే శుభ్రం చేసుకుంటుంది. స్లాట్లలో ఏమీ లేకపోతే ఈ ఫైళ్లను వేరే చోట దాచే ఆర్కైవ్ కమాండ్ విఫలమవుతోందేమో పీజీ స్టాట్ ఆర్కైవర్ అనే జాబితా చెబుతుంది. 13వ వెర్షన్ నుంచి స్లాట్ల కోసం ఎంత వరకు దాచాలో మ్యాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజు అనే సెట్టింగుతో హద్దు పెట్టుకోవచ్చు.

చెరిపేసిన వరుసల చోటును తిరిగి రాబట్టే వాక్యూమ్ ఫుల్‌ను ప్రతి రాత్రీ నడపమన్న నాలుగవది, టేబుల్‌కు తాళం వేసి చదవడాన్ని కూడా ఆపుతుంది. పైగా టేబుల్‌ను కొత్తగా రాయడానికి అదనపు చోటు అడుగుతుంది. రాత్రంతా అడ్మిషన్లు రాసుకునే ఆసుపత్రిలో ఈ పని ఎవరు చేయమన్నారు? చెత్తను తనంతట తానే ఊడ్చే ఆటోవాక్యూమ్‌ను ఆపకుండా ఉంటే చాలావరకు అదే చూసుకుంటుంది.

రాసినది నిజంగా డిస్కుకు చేరిందని ఖాయం చేసే ఎఫ్‌సింక్‌ను వేగం కోసం ఆపేయమన్న అయిదవది కొరివితో తల గోక్కోవడమే. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట అలా చేస్తే డేటా బాగుచేయలేనంతగా చెడవచ్చు. తప్పనిసరిగా వేగం కావాలంటే, లావాదేవీ డిస్కుకు చేరేదాకా ఆగే సింక్రొనస్ కమిట్‌ను ఆపండి. సర్వర్ కూలితే చివరి కొద్ది లావాదేవీలు పోతాయేమో గానీ, మిగతా డేటా చెడదు.

ఇక ఆరవది, డిస్కులో ఒక జీబీ పనికిరాని ఫైలు పెట్టుకుని, నిండినప్పుడు దాన్ని తీసేయమన్నది. దీన్నీ కొట్టిపారేద్దామనే రాయడం మొదలుపెట్టాను, కానీ ఇది నిజంగా మంచి సలహా. ఆగిపోయిన సర్వర్‌ను లేపి కారణం వెతకడానికి కావలసిన చోటు అది వెంటనే ఇస్తుంది. అయితే ఆ ఫైలు పీజీ వాల్ ఉన్న పార్టిషన్‌లోనే, ఫోల్డరుకు బయట ఉండాలి. ట్రంకేట్ ఆదేశంతో సృష్టిస్తే సైజు కనిపిస్తుందే తప్ప డిస్కులో చోటు పట్టదు కనుక, తీసేసినా చోటు దొరకదు, చోటును నిజంగా పట్టే ఫాలొకేట్ ఆదేశంతో చేయండి.