"అంతా మనోళ్ళే" అంటే ఏరియా సేఫ్ అయిపోతుందా అండీ?

నిన్న మధ్యాహ్నం మా వీధి చివరి పిన్ని ఫోన్ చేసింది. వాళ్ళ అమ్మాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, ఇంకో ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి ఫ్లాట్ తీసుకుంటోంది. "ఒక ఇల్లు దొరికిందమ్మా, అద్దె కూడా పర్వాలేదు, ఆ చుట్టుపక్కలంతా మనోళ్ళేనంట, ఇంక భయం లేనట్టే కదా?" అంది. ఆ మాట వినగానే నాకు పాత సంగతులన్నీ గుర్తొచ్చి కాసేపు నోట మాట రాలేదు. పిన్నికి ఫోన్‌లో చెప్పింది కొంతే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే పాలకొల్లు, భీమవరం, నర్సాపురం, అమలాపురం, ఏ ఊరు తీసుకున్నా చదువులైపోయిన పిల్లలున్న ప్రతి ఇంట్లో ఇదే టెన్షన్, ఇదే ప్రశ్న, దానికి అందరూ చెప్పే తప్పు జవాబూ ఇదే.

నేను హైదరాబాద్‌లో ఏడేళ్ళు ఉన్నాను. నాలుగు ఇళ్ళు మారాను. మొదటి ఇల్లు ఇలాగే దొరికింది. నాన్నగారికి తెలిసినాయన, మా పక్క ఊరాయనే, అక్కడ ఒక అపార్ట్‌మెంట్‌లో రెండు ఫ్లాట్లు కొని ఒకటి అద్దెకిచ్చేవాడు. నాన్నగారు ఆ ఇల్లు చూడలేదు, వీధి చూడలేదు, ఫోన్‌లో మాట్లాడి అడ్వాన్స్ పంపేశారు. మూడో నెలలో ఒకరోజు జ్వరం వచ్చి ఆఫీసు మానేసి పడుకున్నాను. పదకొండున్నర అవుతుండగా బయట నుంచి తాళం తిప్పిన చప్పుడైంది. లేచి వెళ్ళి చూస్తే ఆ ఇంటాయన అల్లుడు హాల్లో నిలబడి ఉన్నాడు, చేతిలో మా ఇంటి తాళంచెవి. "గీజర్ పాడైందన్నారు, చూద్దామని వచ్చా" అన్నాడు. గీజర్ పాడవలేదు. పాడైందని మేమెవరికీ చెప్పలేదు. అతను వెళ్ళిపోయాక తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి కూర్చున్నాను, సాయంత్రం మా రూమ్మేట్ వచ్చేదాకా అక్కడి నుంచి లేవలేదు. బీరువాలో బట్టలు ఎవరో కదిపినట్టున్నాయని ఆ అమ్మాయి అంతకుముందు రెండుసార్లు చెప్పింది. నువ్వే మర్చిపోయి ఉంటావని నేనే కొట్టిపారేశాను. ఆ మాటకి ఇప్పటికీ బాధపడుతుంటాను.

కంప్లైంట్ ఇస్తానంటే ఇంట్లో ఒప్పుకోలేదు. "వాళ్ళు మనకి కావలసినవాళ్ళు, రేపు ఏ పెళ్ళిలోనో ఎదురుపడాలి, ఎందుకొచ్చిన గొడవ, ఇల్లు మారిపో." మారిపోయాం. అడ్వాన్స్‌లో సగమే వెనక్కి వచ్చింది, దాని గురించి కూడా ఎవరూ అడగలేదు. అదే ముక్కూ మొహం తెలియని ఓనర్ అయ్యుంటే ఆ పూటే 100కి ఫోన్ చేసేదాన్ని. ఆడవాళ్ళని వేధించేవాళ్ళ పని పట్టే పోలీసు బృందాలు, షీ టీమ్స్, 2014 నుంచీ ఉన్నాయి, వాళ్ళకి చెప్పుకునేదాన్ని. మనోళ్ళ ఇల్లు అయినందుకే నా నోరు మూతపడింది. అందుకే ఆ మాటంటే నాకంత కోపం.

ఇది నా ఒక్కదాని అనుభవమే అనుకోకండి. దేశం మొత్తం నేరాల లెక్కలు కట్టే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఏటా వేసే నివేదికలో అత్యాచారం కేసులు తీసి చూడండి, 90 శాతానికి పైగా కేసుల్లో నిందితుడు ఆ అమ్మాయికి ముందే తెలిసినవాడు. చుట్టం, స్నేహితుడు, ఇరుగుపొరుగు, పని ఇచ్చినవాడు. ఏళ్ళ తరబడి ఆ అంకె అలాగే ఉంది. మనం మాత్రం కొత్త మొహాలు లేని వీధి కోసమే వెతుకుతున్నాం.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను, కొందరికి నచ్చకపోవచ్చు. ఇల్లు అద్దెకి అడిగితే ఓనర్లు "మీరెవరమ్మా?" అని కులం అడుగుతారు. అది తప్పని మనకి తెలుసు, అడిగించుకున్నప్పుడు మనసు చివుక్కుమంటుంది కూడా. మళ్ళీ మనమే మన పిల్లలకి ఇల్లు వెతికేటప్పుడు "ఆ ఏరియాలో ఎవరెక్కువ?" అని అడుగుతాం. పాతబస్తీ పేరెత్తితే చాలు, ఒక్కరోజు కూడా అక్కడ తిరగనివాళ్ళు "అమ్మో, అటువైపు వద్దు" అంటారు. నేను ఒక ఏడాది పాటు ఆఫీసు పని మీద వారానికి రెండు రోజులు చార్మినార్ వైపు వెళ్ళాను. రంజాన్ నెలలో రాత్రి పదకొండు గంటలకి ఆ వీధుల్లో చంటిపిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు గాజులు బేరమాడుతూ కనిపించేవారు. అక్కడ ఇరుకు సందులున్నాయి, మురుగుంది, పార్కింగ్ గొడవలున్నాయి. కానీ ఆ జనంలో నడుస్తూ నేను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసుకోలేదు. అదే ఏడాది, అందరూ మంచి ఏరియా అన్న మా కాలనీలో మెయిన్ రోడ్డు నుంచి గేటు దాకా ఉన్న ఐదు నిమిషాల నడకలో రోజూ తాళంచెవులు వేళ్ళ మధ్య బిగించి పట్టుకునేదాన్ని. ఒక పక్క ఖాళీ స్థలం ప్రహరీ, ఇంకో పక్క వైన్ షాపు, దాని పర్మిట్ రూమ్ నిండిపోయి రోడ్డు మీదే బైకులానుకుని తాగే గుంపు. స్తంభాలు ఆరు, వెలిగేవి రెండు.

మన ఊళ్ళలో మనం దేన్ని చూసి ధైర్యంగా ఉంటాం? నేను చిన్నప్పుడు ట్యూషన్ నుంచి చీకటిపడ్డాక ఒక్కదాన్నే వచ్చేదాన్ని. ఎందుకు పంపేవారంటే దారి పొడుగునా అరుగుల మీద మనుషులుండేవారు. ఒకరు బియ్యంలో రాళ్ళు ఏరుతూ, ఒకరు చుట్ట కాల్చుకుంటూ, "ఏమే, ఇంత ఆలస్యమైందేం?" అని ఎవరో ఒకరు పలకరిస్తూ. ఆ కళ్ళే మనకి కాపలా. ఆ అరుగు సిటీలో ఏ రూపంలో ఉందో వెతకాలి. రాత్రి పదిన్నరకి కూడా తెరిచి ఉండే మెడికల్ షాపు, ఇస్త్రీ బండి, భార్యాభర్తలు కలిసి నడిపే టిఫిన్ బండి, మెట్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకునే వాచ్‌మన్ కుటుంబం. ఇవి ఉన్న వీధిలో అరిస్తే పలికేవాళ్ళుంటారు. ఎత్తైన గోడలు, మూసిన గేట్లు, అద్దాలెక్కించుకుని వెళ్ళే కార్లు తప్ప ఏమీ లేని వీధి పగలు చూడ్డానికి ఎంతో బాగుంటుంది, అద్దె కూడా ఎక్కువే, రాత్రి అక్కడ కేక పెట్టినా ఎవరూ రారు.

అందుకని ఇల్లు చూడ్డానికి ఆదివారం పగలు పదింటికి వెళ్ళకండి. బ్రోకర్లు ఆ టైమే చెప్తారు. రాత్రి పదిన్నరకి వెళ్ళండి. అమ్మాయి రోజూ ఎక్కడ దిగుతుందో, మెట్రో స్టేషనో బస్టాపో, అక్కడ దిగి గేటు దాకా నడవండి. ఇంకో టైముంది, అది మన గోదావరి వాళ్ళకే బాగా తెలుసు. భీమవరంలోనో అమలాపురంలోనో రాత్రి ఎక్కిన ప్రైవేట్ బస్సు కూకట్‌పల్లి దగ్గరో మియాపూర్ దగ్గరో తెల్లవారకముందే దింపేస్తుంది. నాలుగు, నాలుగున్నర. సంక్రాంతికి వచ్చి తిరిగెళ్ళే ప్రతి ఆడపిల్లా చేతిలో అరిసెల డబ్బా, భుజాన బ్యాగుతో ఆ చీకట్లో దిగేదే. ఏ టీవీ చర్చలోనూ ఆ గంట గురించి నేను వినలేదు. మీరు మాత్రం ఆ గంటలో ఒక్కసారి ఆ వీధిలో నడిచి చూడండి. పాల ప్యాకెట్ల ట్రేలు దింపుతున్నారా, ఊడ్చేవాళ్ళు వచ్చారా, కుక్కలే ఉన్నాయా?

అడిగే ప్రశ్న కూడా మార్చాలండీ. "ఇక్కడ సేఫేనా?" అని అడిగితే కాదని ఎవరంటారు? బ్రోకర్‌కి కమిషన్ కావాలి, ఓనర్‌కి అద్దె కావాలి, అక్కడే ఉండేవాళ్ళు తమ ఏరియాని తాము తక్కువ చేసుకోరు. ఇస్త్రీ చేసే ఆమెని అడగండి, "రాత్రి పదింటికి మీ అమ్మాయిని ఒక్కదాన్నే పెరుగు ప్యాకెట్‌కి పంపుతారా?" అని. ఆమె జవాబు చెప్పకముందే మొహంలో తెలిసిపోతుంది. ఆ బిల్డింగ్‌లోనే ఉండే అమ్మాయిలు దొరికితే ఇంకా మంచిది, "ఇక్కడ ఏ సందులోంచి వెళ్ళవు?" అని అడిగితే చాలు, మొత్తం మ్యాప్ గీసిచ్చేస్తారు. పోలీసు లెక్కలు చూద్దామంటే ఎన్‌సీఆర్‌బీ పుస్తకంలో నగరం మొత్తానికి అంకెలుంటాయి గానీ కాలనీ కాలనీకీ ఉండవు. కాళ్ళతో నడిచి, నోటితో అడిగి తెలుసుకోవాల్సిందే.

నీళ్ళ సంగతి మనకి ఎవరూ నేర్పక్కర్లేదు అనుకుంటాం. మా తాతయ్య ఎవరైనా స్థలం కొంటున్నారంటే ముందు "మెరకా పల్లమా? 86 గోదావరి వరదకి నీళ్ళు ఎందాకా వచ్చాయి?" అని అడిగేవారు. వశిష్ఠ గట్టు పక్కన పుట్టినవాళ్ళం మరి. అలాంటి మనమే హైదరాబాద్ వెళ్ళగానే మార్బుల్ ఫ్లోరూ మాడ్యులర్ కిచెనూ చూసి మురిసిపోయి పల్లం సంగతి అడగం. 2020 అక్టోబర్ వానలకి టోలిచౌకి నదీమ్ కాలనీలో ఇళ్ళలోకి నీళ్ళొచ్చి జనాన్ని పడవల్లో తేవాల్సి వచ్చింది. ఆ నగరంలో ఎన్నో చెరువులూ కుంటలూ పూడిపోయి వాటి మీద ఇళ్ళు లేచాయి, మసబ్ ట్యాంక్‌లో పేరు మిగిలింది గానీ చెరువు లేదు. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ, హెచ్‌ఎండీఏ, చెరువుల వెబ్‌సైట్‌లో ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండితే నీళ్ళు ఎందాకా వస్తాయో ఆ హద్దుల మ్యాపులున్నాయి, చూడండి. అది చేతకాకపోతే సెల్లార్‌లోకి దిగి గోడల మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూడండి, గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళని "2020లో మీకేమైంది?" అని అడగండి. అలాగే సెల్లార్‌లో ఏం దాచారో కూడా చూసుకోవాలి. 2023 నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింద పెట్టిన కెమికల్ డ్రమ్ములు అంటుకుని పై అంతస్తుల్లో ఉన్నవాళ్ళు కనీసం 9 మంది చనిపోయారు. కింద డ్రమ్ములు, గోనె సంచులు, కరెంటు మీటర్ల పక్కనే అట్టపెట్టెలు కనిపిస్తే అద్దె ఎంత తక్కువైనా వెనక్కి వచ్చేయండి.

డబ్బు విషయం. మన ఊళ్ళ నుంచి వెళ్ళే పిల్లల్లో చాలామంది నాన్నలు కౌలు రైతులు, చిన్న కొట్లవాళ్ళు. అద్దె 3,000 తగ్గిందని లోపలికున్న కాలనీలో తీసుకుంటారు. నేనేమీ తప్పు పట్టను, కానీ ఒక లెక్క వేసుకోండి. రాత్రి నడవడానికి భయమేసి నెలలో 20 రోజులు 150 పెట్టి ఆటో ఎక్కితే ఆ 3,000 అయిపోయింది. మిగిలింది భయమే. ఇక "హాస్టలే నయం, పదింటికి గేటు వేసేస్తారు" అనేవాళ్ళకి ఒక ప్రశ్న. షిఫ్ట్ ఆలస్యమై పదీపావుకి వచ్చిన పిల్ల ఎక్కడుండాలి? ఆ గేటు బయట రోడ్డు మీద నిలబడి ఫోన్లు చేసుకునే పిల్లల్ని నేను చూశాను. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం తర్వాత మా బంధువుల్లో ఇద్దరు తమ కూతుళ్ళని ఉద్యోగం మాన్పించి తీసుకొచ్చేశారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. ఆ పిల్లల జీవితం ఏమైందో కూడా నేను దగ్గర నుంచి చూస్తున్నాను.

తాళం మాట మర్చిపోవద్దు. దిగిన రోజే కొత్త తాళం వేయించుకోవాలి, ఓనర్ ఎవరైనా సరే, మావయ్యయినా సరే. చెప్పకుండా ఇంట్లోకి రాకూడదని అగ్రిమెంట్‌లో ఒక లైన్ రాయించుకోవాలి. దానికి మొహమాటపడితే ఆ ఇల్లు మనకొద్దు. ఏదైనా జరిగితే 112కి ఫోన్ చేయమని, ఏ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళినా మా పరిధి కాదనకుండా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలోనే ఉందని అమ్మాయికి చెప్పండి. అంతకంటే ముందు, అవతలివాడు ఎవరి అల్లుడైనా మేము నీ వెనక నిలబడతామని చెప్పండి. నాకు ఆ రోజు ఆ ఒక్క మాట ఎవరూ చెప్పలేదు.

ఫోన్‌లో నేను చెప్పిన ఆ కొంత విన్నాక పిన్ని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నువ్వొకసారి దానితో పాటు వెళ్తావా అమ్మా?" అంది. శుక్రవారం రాత్రి బస్సుకి ముగ్గురం వెళ్తున్నాం, నేనూ పిన్నీ ఆ అమ్మాయీ. దిగేసరికి నాలుగున్నర అవుతుంది. ఆటో ఎక్కం, అక్కడి నుంచి ఆ ఇంటిదాకా నడుస్తాం. తాళం ఇక్కడే కొట్లో కొని బ్యాగులో పెట్టేశాను.